యల్లాప్రగడ సుబ్బారావు

మానవ శరీరంలో సహజమైన రక్షణ వ్యవస్థ ఒకటి ఉంది. అది రోగకారక క్రిములతో నిరంతరం పోరాడుతుంది. ఆ పోరాటం ఒక్కొక్కప్పుడు చాలదు. ఒక్కొక్కప్పుడు హద్దు మీరి రోగినే బాధిస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ ఉపకరించే ఔషధాలను లోకానికి అందించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం వెన్నాడిన ఆ బాలుడు మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొన్నది. రోగాలకు మందు కనుగొనాలన్న సంకల్పం ఆ దుఃఖంలో దృఢపడింది.

1922లో ఆయన అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు సాగించారు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలసి రూపొందించారు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు వరమైంది. కణాల వృద్ధికి అవసరమైన ఆ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు కూడా ఆ బృందం కృషి ఫలితాలే. మొదట ఇవి రక్త క్యాన్సర్ చికిత్సకు తోడ్పడ్డాయి.

దోమకాటుతో వ్యాపించే బోదకాలుకు ఆయన బృందం 1947లో హెట్రజాన్ మందును అందించింది. ఈ మందు బోదక్రిముల పిల్లలను ప్రధానంగా తానే చంపదు. శరీర రక్షక కణాలకు అవి సులభంగా చిక్కేటట్లు చేస్తుంది. పోరాడేది శరీరమే, మందు దానికి తోడు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, స్వదేశాన్ని తిరిగి చూడకుండానే ఆయన కన్నుమూశారు. నాలుగేళ్ల తరువాత, 1952లో, నేటి టాంజానియా దేశంలో చికున్‌గున్యా వైరస్ జ్వరం తొలిసారిగా గుర్తింపబడింది. 2005-06లో అది ఆంధ్రప్రదేశ్‌లో ప్రబలింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలున్న నాటి చిత్తూరు జిల్లా కూడా దాని బారిన పడింది.

ఏడిస్ దోమ కుట్టినప్పుడు ఈ వైరస్ దేహంలో ప్రవేశిస్తుంది. కణాలు ఇంటర్‌ఫెరాన్లు అనే పదార్థాలను విడుదల చేసి దాని వృద్ధిని నిరోధిస్తాయి. కొద్ది రోజులలో ప్రతిరక్షకాలు పుట్టి వైరస్‌ను తుదముట్టిస్తాయి. జ్వరం తగ్గుతుంది. అయితే కొందరిలో రక్షక కణాలు కీళ్లలో చేరి వాపును కొనసాగిస్తాయి. నెలల తరబడి, ఏళ్ల తరబడి నడవలేక బాధపడేవారున్నారు. అటువంటి దీర్ఘకాలిక కీళ్లవాపును శమింపజేయడానికి వైద్య నిపుణులు కొందరు రోగులకు తగు పర్యవేక్షణలో మెథోట్రెక్సేట్‌ను స్వల్ప మోతాదులో వాడుతున్నారు.

సుబ్బారావు గారికి నోబెల్ బహుమతి లభించలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. ఆయన జీవితకాలంలో పేరైనా లేని వ్యాధికి సైతం ఆయన కృషి అక్కరకు వచ్చింది. నిస్వార్థ పరిశోధన పరిశోధకునితో అంతరించదు.