ఆల్ఫ్రెడ్ నోబెల్

మందమర్రి బొగ్గుగనులలో బొగ్గుపొరకు రంధ్రములు తొలిచి, వానిలో మందు కూరి, మనుష్యులను దూరముగా పంపిన పిమ్మట షాట్ ఫైరర్ దానిని పేల్చును. గునపములతో చెమటోడ్చి చాలసేపు చేయవలసిన పని క్షణములో ముగియును. ప్రేలుడుశక్తిని ఇట్లు మానవుని అదుపులోనికి తెచ్చుటకు జీవితమును ధారపోసిన వారిలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ నోబెల్.

ఆతడు 1833 అక్టోబరు 21వ తేదీన స్వీడను రాజధానియగు స్టాక్‌హోములో జన్మించెను. ఆ యేటనే తండ్రి వ్యాపారము దివాలా తీసెను. ఆయన జీవనోపాధికై పరదేశమేగగా తల్లి చిన్న అంగడి నడపి బిడ్డలను పోషించెను. 1842లో కుటుంబమంతయు రష్యాలో తండ్రిని చేరెను. ఆల్ఫ్రెడ్ బడిలో చదివినది స్వల్పము. ఇంటివద్ద ఉపాధ్యాయుల కడ రసాయనశాస్త్రమును, ఐదు భాషలను నేర్చెను.

నైట్రోగ్లిజరిన్ అను ద్రవమును ఇటలీ శాస్త్రజ్ఞుడు సోబ్రెరో 1847లో కనుగొనెను. అది స్వల్పమైన కుదుపునకే ప్రేలునట్టిది. దానిని పనులకు ఉపయోగింపవలెనని నోబెల్ పూనుకొనెను. 1864 సెప్టెంబరు 3వ తేదీన స్టాక్‌హోములోని ఆతని ప్రయోగశాల ప్రేలిపోయెను. మరణించిన ఐదుగురిలో ఇరువదేండ్ల తమ్ముడు ఎమిల్ ఒకడు. నగరములో ఇట్టి ప్రయోగములు చేయరాదని అధికారులు నిషేధించిరి. నోబెల్ శోకమును దిగమ్రింగి, సరస్సుపై నిలిపిన పడవలో పని సాగించెను. ధైర్యము మాత్రమే చాలదని, ఆ ద్రవమును సురక్షితము చేయవలెనని ఆతడు నిశ్చయించెను. ఒకవిధమైన మెత్తని మట్టి ఆ ద్రవమును పీల్చుకొని ముద్దయగుట గమనించి, 1867లో దానికి డైనమైట్ అని పేరిడి పేటెంటు పొందెను.

కాని మట్టికి ప్రేలుడుగుణము లేదు. అందుచే శక్తి కొంత తగ్గెను. నీరు తగిలినచో ద్రవము వేరుపడి ఊరుచుండెను. ఈ కొరతను తీర్చినది నైట్రోసెల్యులోజ్. దీనిని 1846లో బాసెల్ నగర ఆచార్యుడు షూన్‌బైన్ పత్తినుండి తయారుచేసెను. చూచుటకు మామూలు దూదివలె ఉండును. నిప్పు సోకినంతనే పొగయు బూడిదయు మిగులనట్లు భగ్గున మండిపోవును. దీనిని తయారుచేయబోయి ప్రాణములు కోల్పోయినవారు పలువురు. ఇందలి ఆమ్లము పూర్తిగా కడుగబడనిచో నిలువయుండగా తనంతట తానే చెడి అంటుకొనవచ్చును. ఇందలి ఒక రకమును ద్రావకములో కరగించి, కొలోడియన్ అను పేర వైద్యులు గాయములపై పూయుచుండిరి.

1875లో ఒకనాడు నోబెల్ వ్రేలు తెగి కొలోడియన్ పూసికొనెననియు, ఆ రాత్రి నొప్పిచే నిదురపట్టక ఈ రెండు పదార్థములను కలిపినచో ఏమగునని ఆలోచించెననియు చెప్పుదురు. ఫలితముగా జిగురువంటి జెలటిన్ లభించెను. అది డైనమైట్ కంటె శక్తి గలది, నీటికి చెడదు.

అయినను ప్రతి మందును ప్రతి గనికి తగదు. బొగ్గుగనులలో వెలువడు వాయువు డైనమైట్ వేడిమంటకు అంటుకొనును. కావున అక్కడ చల్లని మంట గల, ప్రభుత్వ అనుమతి పొందిన మందులనే వాడుదురు. పేల్చుటకు ముందు వాయువున్నదేమోయని పరీక్షింతురు.

నైట్రోసెల్యులోజ్ నేడును నాటకరంగముపై మెరుపులకు, పొగ తక్కువగల బాణసంచాకు ఉపయోగపడుచున్నది. పూర్వము సినిమా రీళ్లును దీనితోనే చేయబడి, పలుచోట్ల అగ్నిప్రమాదములకు కారణమయ్యెను. వినోదమునకై ఇంటివద్ద ఇట్టివానిని చేయబూనుట ప్రాణములతో చెలగాటము. జీవితమంతయు దీనికే అర్పించిన నోబెలే తమ్ముని కాపాడుకొనలేకపోయెను.

నోబెల్ అవివాహితుడు. అపారధనము ఆర్జించియు ఒంటరిగా జీవించెను. యుద్ధములకు ఉపకరించు ఒకరకపు పొగలేని మందును కూడ ఆతడు కనిపెట్టెను. అట్టివాడు 1895 నవంబరు 27వ తేదీన వ్రాసిన మరణశాసనములో తన సంపదలో అధికభాగమును మానవజాతికి మేలుచేయువారి బహుమతులకై విడిచెను. 1896 డిసెంబరు 10వ తేదీన ఇటలీలోని సాన్‌రెమోలో మరణించెను. 1901 నుండి ఆ బహుమతులు ఈయబడుచున్నవి. విశాఖపట్టణములో బాల్యవిద్య నేర్చిన చంద్రశేఖర వేంకట రామన్ 1930లో భౌతికశాస్త్ర బహుమతిని పొందెను.

శక్తిని కనుగొనుట గొప్పయే. దానిని అదుపులో నుంచుట అంతకంటె గొప్ప. తమ్ముని మరణము నుండి ఈ పాఠమును నేర్చినవాడు నోబెల్.