నాటకాలోళ్లకు నాటకాలోళ్లే ఆసరా

సురభి అంటే శానా మందికి మాయాబజార్ సెట్టింగులు, గాలిల ఎగిరే ఘటోత్కచుడు యాదికొస్తడు. నాకు మాత్రం వనారస గోవిందరావు యాదికొస్తడు. ఆయన పరదా ముంగట చూపిన మాయల కన్నా, పరదా ఎనుక నిలబెట్టిన ఏర్పాటే పెద్దదని నా లెక్క.

గోవిందరావుది తోలుబొమ్మలాడించే ఇల్లు. మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చిన మరాఠీ కుటుంబాలు వాళ్లవి. 1885ల కడప జిల్లా సురభి ఊర్లె ఒక పెండ్లికి, బొమ్మల్ని పక్కకు పెట్టి మనుషులే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడిన్రు. ఊరి పేరే సమాజానికి పేరైంది. బొమ్మ అడుగు తప్పితే ఆడించెటోడు పుల్ల కదిపి సర్దుతడు. మనిషి తప్పితే ఎవరు సర్దాలె?

సురభిల దానికి జవాబు ఇల్లే. అన్నదమ్ములు, కోడండ్లు, పిల్లలు అందరు ఒక్క డేరాల ఉంటరు, ఒక్క పొయ్యి మీద వండుకుంటరు. ప్రహ్లాదుడు కట్టిన పిల్లగాడు పద్యం మింగితే, పక్కన లీలావతి వేషంల ఉన్నది వాని మేనత్తో, పిన్నమ్మో అయి ఉంటది. ఆమెకు ఆ పద్యం నోటికొచ్చు. ఆట అయినంక అన్నం కాడనే వానికి సంగతి చెప్తది. తిట్టిన చెయ్యే బువ్వ పెడ్తది గనుక ఆ మాట పిల్లగాని మనసుకు తాకుతది గని విరగ్గొట్టది.

స్థానం నరసింహారావు అసొంటి మొగోళ్లు ఆడ వేషాలతోని పేరు తెచ్చుకున్న కాలమది. సురభిల మాత్రం ఆడ వేషం ఆడోళ్లే కట్టిన్రు. చుట్టు ఉన్నది సొంత మనుషులు కాబట్టే అది నడిచింది. 1932ల వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ల లీలావతిగ కనిపించిన సురభి కమలాబాయి ఆ ఇంటి నుంచే పోయింది. కుటుంబం పెరిగిన కొద్ది కొత్త సమాజాలు చీలినయ్. పంచాయితీతోని కాదు, పిల్లలు పెద్దగై. ఒక సమాజంల వేషగాడు తక్కువైతే ఇంకో సమాజం నుంచి వచ్చి కట్టెటోడు. ఇయ్యాల్టి భాషల చెప్పాలంటే ఇదే వాళ్ల ఇన్సూరెన్స్.

అయితే ఇంటోళ్ల మాటకు ఒక హద్దుంటది. మనోని ఆటల ఏం తక్కువుందో మనకు కనవడది. గోవిందరావు గొప్పతనం నాకు గీడ కనిపిస్తది. 1929ల తెనాలిల ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టిన్రు, దానికి ముందు నిలబడ్డది ఆయన్నే. పొట్టకూటికి ఆడే కంపెనీ యజమాని వేరేటోళ్లను పోటీదార్లుగ చూడాలె గదా? ఆయన వాళ్లందరిని ఒక్కకాడికి తెచ్చే పని ఎత్తుకున్నడు. ఒకరి ఆట ఇంకొకరు కూసోని చూసుడు, ఆటగాండ్లే ఆటగాండ్లను తూకమేసుడు గసొంటి కాడనే అయితది. పరిషత్తులు తర్వాత్తర్వాత కప్పుల కోసం కొట్లాటలైనయ్ అంటరు. నిజమే, నేనూ అసొంటియి చూసిన. అయినా పొద్దుగాల చాయ్ బండి కాడ వేరే ఊరి నటుడు వచ్చి, నీ రెండో సీన్ల నడక బాలేదని చెప్తే, అది కప్పు కన్నా ఎక్కువ.

లింగంపల్లిల సురభి కాలనీ ఉంది, ఆ కుటుంబాలు ఇంకా ఆడుతున్నయ్. నా సోపతిగాండ్లల్ల ఒంటరిగ ఒగ్గు కథ చెప్పెటోళ్లు, ఒక్కరే నాటకం కట్టెటోళ్లు ఉన్నరు. వాళ్లకు డేరా లేదు, మేనత్త లేదు. ఫోన్ల లైకులొస్తయ్, తాళం ఏడ తప్పిందో లైకు చెప్పది. గొంతు పోయి నెల రోజులు పండుకుంటే ఆ లైకు బియ్యం తేదు. జిల్లాల్ల తాళాలేసి ఉంచిన కళాభవనాలను నెలల ఒక్క పూట కిరాయి లేకుండ ఇస్తే, వాళ్లే ఒకరి ముంగట ఒకరు ఆడుకుంటరు, గల్లపెట్టె కూడ వాళ్లే పెట్టుకుంటరు.