పట్టిన పని విడువని తెరేజమ్మ

కూర్చుని ప్రణాళికలు వేయడంలో మనకు లోటు లేదు. వాటిని చివరిదాకా నడిపించేవారే కరువు. ఆరంభశూరత్వం ఎరుగని ఒక నాయకురాలి జీవితాన్ని ఈ వారం ధ్యానించండి.

అవిలాపురి పునీత తెరేజమ్మ 1515లో స్పెయిన్ దేశంలో జన్మించింది. ఇరవై ఏళ్ల ప్రాయంలో కార్మెల్ మఠంలో చేరింది. అక్కడ నూరుమందికి పైగా కన్యాస్త్రీలు. రాకపోకల సందడిలో ఏకాంతం తక్కువ. కొద్దిమందితో, పేదరికంలో, ప్రార్థనే ప్రాణంగా సాగే చిన్న మఠం ఒకటి స్థాపించాలని 1560లో తలపెట్టింది. సభ ప్రాంతీయాధిపతి మొదట సరేనన్నాడు. ఊరంతా గోల చేసేసరికి మాట వెనక్కు తీసుకున్నాడు. ఆమె సణగలేదు, ఎదిరించలేదు. కొన్ని నెలలు ఆగింది. కాని తలంపును వదల్లేదు. చెల్లెలి కుటుంబం చేత ఇల్లు కొనిపించింది. దక్షిణ అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన డబ్బు అక్కరకొచ్చింది. రోము నుండి అనుమతి వచ్చింది. 1562 ఆగస్టు 24న నలుగురు కన్యలతో పునీత జోజప్పగారి మఠం మొదలైంది. నగర పెద్దలు మూయించాలని వ్యాజ్యం వేసినా అది నిలిచింది.

ఆమె నాయకత్వం ఎలాంటిదో తెలియాలంటే మెదీనా పట్టణం సంగతి చూడండి. 1567లో మోక్షారోపణ పండుగ ముందు రాత్రి, అర్ధరాత్రి వేళ, తన కన్యాస్త్రీలతో అక్కడికి చేరింది. కొన్న ఇల్లు శిథిలంగా ఉంది. రాత్రికి రాత్రే మట్టి ఎత్తి, ఊడ్చి, తెరలు కట్టారు. తెల్లవారగానే దివ్యబలిపూజ జరిగింది. వెలుగులో చూస్తే గోడలు కూలి ఉన్నాయి. దివ్యసత్ప్రసాదం వీధికి కనబడుతోంది! ఆమె మనసు తల్లడిల్లింది. కావలి మనుషులను పెట్టించింది. వాళ్లు నిద్రపోతారేమోనన్న దిగులుతో రాత్రిళ్లు తానే లేచి, వెన్నెల వెలుగులో కిటికీలోంచి చూసుకునేది. కొద్దిరోజులకు ఒక వర్తకుడు తన ఇంట్లో చోటిచ్చాడు.

గమనించారా? పని అప్పగించడంతో ఆమె బాధ్యత తీరిపోలేదు. తనను నమ్మి వెంట వచ్చినవారిని నడిమధ్య వదల్లేదు. జబ్బు శరీరంతోనే గతుకుల దారుల్లో బండ్ల మీద తిరిగి, మొత్తం 17 మఠాల స్థాపనకు కారకురాలైంది. చివరిది బుర్గోస్ మఠం. 67వ ఏట, వానల్లో వరదల్లో ప్రయాణించి, మేత్రాణులవారి అనుమతి కోసం నెలల తరబడి ఓపికపట్టి, 1582లో దాన్ని నెలకొల్పింది. అదే సంవత్సరం అక్టోబరు 4న కన్నుమూసింది. 1970లో శ్రీసభ ఆమెను పండితురాలిగా ప్రకటించింది.

మీ విచారణలో మొదలుపెట్టి ఆపేసిన పని ఏమైనా ఉందా? మీ ఇంట్లో పిల్లలకిచ్చి మరచిన మాట ఉందా? కొత్త ప్రణాళిక వేయడానికి ముందు ఆ పాతదాన్ని ఒకసారి లేచి చూసిరండి.