మూడేళ్ల ఆట... పన్నెండేళ్ల తోడు

బాస్కెట్‌బాల్ అంటే మనలో చాలామందికి కాలేజీ గ్రౌండ్‌లో ఓ మూలన నిలబడ్డ రెండు స్తంభాలు, చిరిగిన వలలే గుర్తొస్తాయి. అమెరికాలో అలా కాదు, అక్కడ అది కోట్ల డాలర్ల ఆట. అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏలో ఇవాళ ఆడే కుర్రాడికి మంచి కాంట్రాక్టు ఉంటుంది, దెబ్బ తగిలితే చూడ్డానికి డాక్టర్లు ఉంటారు, ఆట మానేశాక పెన్షన్ కూడా వస్తుంది. ఇవేవీ లేని రోజుల్లో అదే లీగ్‌లో ఆడి, ఆటలోనే దెబ్బ తిని, 24 ఏళ్లకే మంచానికి అతుక్కుపోయినవాడు మారిస్ స్టోక్స్. ఆడింది మూడే మూడు సీజన్లు. ఆ తర్వాత బతికిన 12 ఏళ్లూ అతని తరఫున సంతకాలు పెట్టింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది, బిల్లులు కట్టింది అన్నదమ్ముడు కాదు. అదే టీమ్‌లో పనిచేసిన ఓ తోటి ఆటగాడు.

ఊరొదిలి వచ్చి పని చేసుకునేవాళ్లకు ఇది మరీ దూరపు కథేమీ కాదు. పక్క మంచం మీదివాడు పడిపోతే ముందు లేచి పరిగెత్తేది ఎవరో మనకు తెలుసు.

ఉక్కు మిల్లు కార్మికుడి కొడుకు

స్టోక్స్ 1933 జూన్ 17న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్‌కు ఆనుకుని ఉన్న రాంకిన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. తండ్రి ఉక్కు మిల్లులో పనిచేసేవాడు, తల్లి ఇళ్లల్లో పనికి వెళ్లేది. వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లో చదివాక లొరెట్టో అనే కొండ ఊళ్లో ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీలో చేరాడు. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు నడిపే చిన్న కాలేజీ అది. ఆ కాలేజీ పేరు అప్పట్లో దేశంలో ఎంతమందికి తెలుసో గానీ, 1955లో న్యూయార్క్‌లో జరిగిన ఎన్‌ఐటీ టోర్నమెంటు తర్వాత మాత్రం అందరికీ తెలిసింది. టీమ్ నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నా, టోర్నీలో అత్యుత్తమ ఆటగాడి అవార్డు స్టోక్స్‌కే ఇచ్చారు. నాలుగో స్థానంలో నిలిచిన జట్టువాడికి ఆ అవార్డు ఇచ్చారంటే ఎలా ఆడి ఉంటాడో ఊహించుకోండి.

అదే ఏడాది రోచెస్టర్ రాయల్స్ అనే టీమ్ అతన్ని తీసుకుంది. ఎన్‌బీఏలోకి నల్లవాళ్లు రావడం మొదలై అప్పటికి ఐదేళ్లే. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, వంద కిలోలకు పైగా బరువు. అంత మనిషి చిన్నవాళ్లలా చురుగ్గా బంతిని నేలకేసి కొడుతూ పరిగెత్తడం అప్పటిదాకా ఎవరూ పెద్దగా చూడలేదు. మొదటి మ్యాచ్‌లోనే 32 పాయింట్లు కొట్టాడు, 20 రీబౌండ్లు పట్టాడు. రీబౌండ్ అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని ఎగిరి అందుకోవడం. ఒళ్లు హూనమయ్యే పని అది. చప్పట్లు పాయింట్లు కొట్టినవాడికి, దెబ్బలు రీబౌండ్ పట్టినవాడికి.

ఆ సీజన్‌లో కొత్త ఆటగాళ్లలో ఉత్తముడిగా ఎంపికయ్యాడు. రెండో సీజన్‌లో 1,256 రీబౌండ్లు పట్టి లీగ్ రికార్డు నెలకొల్పాడు. అతను ఆడిన మూడు సీజన్లూ కలిపి చూస్తే లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ రీబౌండ్లు అతనివే. తోటివాడికి బంతి అందించి పాయింటు కొట్టించడంలోనేమో బాబ్ కూసీ ఒక్కడే అతనికంటే ముందున్నాడు. మూడేళ్లూ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు పిలుపొచ్చింది. ఇంకో ముచ్చట. తర్వాత 11 టైటిళ్లు గెలిచిన మహా ఆటగాడు బిల్ రస్సెల్‌ను 1956లో తీసుకునే అవకాశం వచ్చినా రాయల్స్ వదులుకుంది. రీబౌండ్లకు మన స్టోక్స్ ఉన్నాడుగా అన్న ధీమా కూడా దానికో కారణం.

1957లో టీమ్ రోచెస్టర్ నుంచి సిన్సినాటికి మారింది. ఆ టీమ్‌లోనే ఉన్నాడు జాక్ ట్వైమన్. తెల్లవాడు. స్టోక్స్ కంటే ఏడాది చిన్న. ఇతనిదీ పిట్స్‌బర్గే, ఇతనూ 1955లోనే రాయల్స్‌లో చేరాడు. కాలేజీ రోజుల్లో ఇద్దరూ ఎదురెదురు జట్లలో ఆడారు కూడా. ఒకే ఊరివాళ్లు, ఒకే టీమ్‌వాళ్లు. అంతకు మించి ప్రాణస్నేహితులేం కాదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

పడ్డాడు... లేచాడు... మళ్లీ ఆడాడు

1958 మార్చి 12. మిన్నియాపోలిస్‌లో లేకర్స్ జట్టుతో సీజన్ చివరి మ్యాచ్. బుట్ట వైపు దూసుకెళ్తూ ఎవరికో తగిలి స్టోక్స్ కింద పడ్డాడు. తల నేలకు గట్టిగా కొట్టుకుంది. కొన్ని నిమిషాలు స్పృహ లేదు. ఘాటు వాసన పీల్పించి లేపారు. ఆ రోజుల్లో టీమ్ వెంట డాక్టర్ తిరగడమన్నది లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. లేచాడు కదా అని మళ్లీ ఆటలోకి దించారు. అతనూ కాదనలేదు.

మూడు రోజులు గడిచాయి. మార్చి 15న డెట్రాయిట్‌లో మ్యాచ్. ఒంట్లో బాగా లేకపోయినా ఆడి 12 పాయింట్లు కొట్టాడు, 15 రీబౌండ్లు పట్టాడు. ఆ రాత్రి సిన్సినాటికి తిరిగొచ్చే విమానంలో చెమటలు పట్టి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. విమానం దిగేదాకా ఎయిర్‌హోస్టెస్ ఆక్సిజన్ పెట్టి ప్రాణం నిలిపింది. దిగాక నేరుగా ఆసుపత్రికి. అప్పటికే కోమా. మొదట డాక్టర్లు మెదడువాపు అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, మూడు రోజుల కిందటి దెబ్బతో మెదడులో శరీరాన్ని కదిలించే భాగం పాడైంది. వారాల తర్వాత స్పృహ వచ్చింది గానీ కాలు కదలదు, చెయ్యి కదలదు, నోట మాట రాదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి, చెప్పడానికే దారి లేదు.

(మధ్యలో ఒక్క మాట. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నిలబడ్డాడని, మాట్లాడుతున్నాడని వదిలేయకండి. స్టోక్స్ మూడు రోజులు తిరిగాడు, ఒక మ్యాచ్ కూడా ఆడాడు.)

కాగితాల మీద యుద్ధం

సీజన్ అయిపోయింది, దాంతోపాటే జీతమూ ఆగిపోయింది. అప్పటి కాంట్రాక్టుల్లో గాయపడ్డవాడి సంగతి ఎవరూ రాసుకోలేదు. లీగ్ తరఫున వైద్య బీమా లేదు, పెన్షన్ లేదు. ఆ ఏడాదే టీమ్ యజమానులు కూడా మారిపోయారు. కుటుంబం చూస్తే దూరంగా పిట్స్‌బర్గ్‌లో ఉంది. బిల్లులు కొండలా పెరుగుతున్నాయి. చిత్రమేమిటంటే స్టోక్స్ దాచుకున్న డబ్బు కొంత బ్యాంకులోనే ఉంది. కానీ సంతకం పెట్టలేనివాడి ఖాతాలోంచి పైసా తీయడానికి లేదు.

అప్పుడు ట్వైమన్ కోర్టుకెళ్లి స్టోక్స్‌కు చట్టబద్ధమైన సంరక్షకుడు అయ్యాడు. వయసు 23, 24. పెళ్లైంది, సంసారం ఉంది. ఆట లేని నెలల్లో సిన్సినాటిలో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడు. ఎవరో ఒకరు చేయాలి, నేను ఇక్కడే ఉంటున్నాను అన్నదే అతని లెక్క. నల్లవాడి బాధ్యత తెల్లవాడు తలకెత్తుకోవడం 1958 నాటి అమెరికాలో మామూలు విషయం కాదు. ఇంటావిడ క్యారల్ కాదనకపోవడం ఇంకా పెద్ద విషయం.

ట్వైమన్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది పరిహారం కేసు. పని చేసే చోట గాయపడ్డ కార్మికుడికి ఒహాయో రాష్ట్ర నిధి నుంచి పరిహారం ఇస్తారు. ఫ్యాక్టరీలో చెయ్యి తెగినవాడికి ఇస్తారు సరే, బంతాట ఆడేవాడు కార్మికుడు ఎలా అవుతాడు? పైగా పడింది ఒక రోజు, కుప్పకూలింది మూడు రోజుల తర్వాత విమానంలో. మొదట అన్నది మెదడువాపు. అది జబ్బు కిందికి వస్తుంది గానీ గాయం కిందికి రాదు. ఆ దెబ్బకూ ఈ పక్షవాతానికీ లంకె ఉందని, ఆట అతని ఉద్యోగమని అధికారులను ఒప్పించాడు ట్వైమన్. పరిహారం వచ్చింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చి ఉంటుందని నా అనుమానం.

అయినా ఖర్చులకు అది చాలలేదు. దాంతో న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల్లో హోటల్ నడిపే మిల్టన్ కట్షర్‌తో కలిసి 1958లోనే ఓ చందాల మ్యాచ్ పెట్టాడు. అది ఏటా జరిగే పండగలా మారింది. లీగ్‌లోని పెద్ద పెద్ద ఆటగాళ్లు సొంత ఖర్చులు పెట్టుకుని వచ్చి ఆడేవారు. ఒక మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన విల్ట్ చాంబర్లిన్ కూడా వచ్చేవాడు. ఇంకా స్కూల్లో ఉండగా ఆ హోటల్లోనే సామాన్లు మోసే పని చేశాడతను. ఒకసారైతే ఈ మ్యాచ్ కోసం యూరప్ నుంచి విమానమెక్కి వచ్చాడు.

ఆసుపత్రిలో ఇద్దరూ మాట్లాడుకున్న తీరు వింటే ఒళ్లు జలదరిస్తుంది. ట్వైమన్ ఏ, బీ, సీ, డీ అంటూ వరసగా చదివేవాడు. కావలసిన అక్షరం రాగానే స్టోక్స్ రెప్ప వాల్చేవాడు. ఒక మాట పూర్తయ్యేసరికి ఎంతసేపు పట్టేదో! ఏళ్ల తరబడి కసరత్తు చేసి స్టోక్స్ కొద్దిగా మాట్లాడటం, వేళ్లు కదిలించి టైపు చేయడం, బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. కాళ్లకు పట్టీలు వేసుకుని, ఆసరాతో నిలబడి కొన్ని అడుగులు కూడా వేశాడు. ట్వైమన్ ఇంట్లో భోజనానికి వచ్చేవాడు. ఆ పిల్లలకు అతను సొంత మామయ్యలాంటివాడు.

ఇదంతా చేస్తూ ట్వైమన్ తన ఆట మానుకున్నాడా అంటే లేదు. స్టోక్స్ లేని రాయల్స్ మరుసటి సీజన్‌లో 72 మ్యాచ్‌ల్లో 19 మాత్రమే గెలిచింది. అలాంటి టీమ్‌లో ఉంటూనే 1959-60లో మ్యాచ్‌కు సగటున 31.2 పాయింట్లు కొట్టాడు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరి సగటూ 30 దాటలేదు. ఆ సీజన్‌లోనే అతనూ, చాంబర్లినూ దాటారు.

ఆటగాళ్లు కూడా నోరు తెరిచిన కాలం అది. 1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ రాత్రి, పెన్షన్ మాట తేల్చకపోతే మైదానంలోకి రామని డ్రెస్సింగ్ రూమ్‌లో భీష్మించుకు కూర్చున్నారు. టీవీలో మ్యాచ్ మొదలయ్యే వేళ. కమిషనర్ దిగొచ్చి మాటిచ్చాకే బయటికొచ్చారు.

1970 ఏప్రిల్ 6న సిన్సినాటిలోని గుడ్ సమారిటన్ ఆసుపత్రిలో గుండెపోటుతో స్టోక్స్ కన్నుమూశాడు. వయసు 36. లొరెట్టోలో, తను చదివిన కాలేజీ ఆవరణలోనే ఖననం చేశారు. మూడేళ్లకు అతని కథతో మౌరీ అనే సినిమా వచ్చింది. కట్షర్ హోటల్ మ్యాచ్ మాత్రం ఆగలేదు. డబ్బున్న కాలం రాకముందే ఆట మానేసి కష్టాల్లో పడ్డ పాత ఆటగాళ్ల కోసం చాలా ఏళ్లు సాగింది.

ట్వైమన్ 1983లోనే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. స్టోక్స్‌కు ఆ గౌరవం దక్కడానికి 2004 దాకా పట్టింది. పోయి 34 ఏళ్లయింది కాబట్టి అతని బదులు వేదికెక్కి అందుకోవడానికి ఒకరు కావాలి. ఆ రోజు కూడా ట్వైమనే ఎక్కాడు. అప్పటికి అతనికి 70 ఏళ్లు. 2012లో అతనూ పోయాడు. ఆ మరుసటి ఏడాది నుంచి ఎన్‌బీఏ ఏటా ఒక మంచి సహ ఆటగాడికి ఇద్దరి పేర్లూ కలిపి ట్వైమన్-స్టోక్స్ అవార్డు ఇస్తోంది. దానికి ఓట్లు వేసేది ఆటగాళ్లే.