అట్ట మీద పేరు లేని బేస్ వాద్యకారుడు

రుద్రారం దగ్గర ఒక సంఘంలో ఆరాధన ముగిశాక ఒక యవనస్థుడు నన్ను పక్కకు పిలిచి ఒక సంగతి అడిగాడు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆదివారం సంఘంలో బేస్ గిటార్ వాయిస్తాడు. సంవత్సరం చివరికి వచ్చేసరికి ఉజ్జీవ కూటాలు, సెమీ క్రిస్మస్‌లు, గృహ కూడికలు వరుసగా ఉంటాయి. చేతిలో ఉన్న నాలుగు తీగల గిటార్ అమ్మేసి, వాయిదాల మీద అయిదు తీగలది కొననా అని అతని ప్రశ్న. దానితోపాటు తీగల శ్రుతి కిందికి దింపుకోవాలా, అలాగే ఉంచుకోవాలా అన్నది ఇంకొక ప్రశ్న. అయ్యగారికి ఈ సంగతులు ఎందుకు తెలుస్తాయని పక్కనున్నవాళ్ళు నవ్వారు. సెమినరీ రోజుల్లో నేనూ గాయక బృందం వెనుక నిలబడినవాణ్ణే. నిలబడి చెప్పే జవాబు కాదు, రాస్తానన్నాను.

నాకు తోచిన జవాబు ఒక మనిషి జీవితం. ఆయన పేరు జేమ్స్ జేమర్సన్. బేస్ గిటార్ పట్టినవాళ్ళలో ఆయనకు అప్పు పడనివాళ్ళు అరుదు. ఆయన ఆదర్శ క్రైస్తవుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మాట ముందే అనుకుందాం.

1936 జనవరి 29న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, ఎడిస్టో అనే దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు. పెంపకంలో చాలా భాగం బంధువుల చేతిలో సాగింది. నాయనమ్మ అమ్మమ్మల ఇళ్ళలో పియానో ఉంది, మందిరంలో పాడే మేనత్త ఉంది. పసితనంలో ఒక కర్రకు తీగ కట్టి, దాన్ని చీమల పుట్ట దగ్గర గుచ్చి, మీటుతూ చీమలను ఆడించేవాడని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక్క తీగ, నేలలోకి దిగే ధ్వని. తర్వాత జీవితమంతా చేసింది అదే పని అనిపిస్తుంది.

1954లో తల్లి వెంట డెట్రాయిట్ నగరానికి వెళ్ళాడు. డెట్రాయిట్ అంటే మన పటాన్‌చెరు, రామచంద్రాపురం లాంటి పారిశ్రామిక వాడను ఎన్నో రెట్లు పెంచి చూసినట్టు. కార్ల ఫ్యాక్టరీలు, షిఫ్టు సైరన్లు, దక్షిణాది పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన నల్లజాతి కుటుంబాలు, వీధివీధికీ ఒక చిన్న చర్చి. అక్కడి నార్త్‌వెస్టర్న్ హైస్కూలులో జేమర్సన్ నిలువెత్తు చెక్క బేస్ నేర్చుకున్నాడు. మనిషి కంటే పెద్దగా ఉండి, నిలబడి వాయించే ఆ వాద్యంతోనే రాత్రిపూట జాజ్, బ్లూస్ క్లబ్బుల్లో పని మొదలుపెట్టాడు.

అదే ఊరిలో బెర్రీ గోర్డీ అనే వ్యక్తి లింకన్-మెర్క్యురీ కార్ల అసెంబ్లీ లైను మీద కొంతకాలం కూలికి పనిచేసి, 1959లో పాటల కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. ఒక చివర చట్రం, మరో చివర తయారైన కారు అన్నట్టుగా పాటలు కూడా వరుస మీద తయారు కావాలని ఆయన ఆలోచన. ఒక మామూలు ఇంట్లో పెట్టిన ఆ స్టూడియోలో గాయకులు మారేవారు, వెనుక వాయించే బృందం మారేది కాదు. ఆ బృందంలో బేస్ జేమర్సన్‌ది. మొదట్లో పాటకు ఇంత అని పది డాలర్ల లెక్కన ఇచ్చేవారు. తర్వాత, 1960ల చివరికి, వారానికి వెయ్యి డాలర్ల జీతం దాకా వచ్చింది. కాబట్టి ఆయన ఆకలితో వాయించాడని రాస్తే అబద్ధం అవుతుంది. ఆయనకు దక్కనిది వేరే ఉంది.

ముందు ఆయన సామాను చూద్దాం. మన తమ్ముడు అడిగింది దాని గురించే కదా.

చెక్క బేస్‌ను ఊళ్ళు తిప్పడం కష్టం, డ్రమ్ముల మధ్య అది వినబడడం ఇంకా కష్టం. 1951లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. భుజాన వేసుకోవచ్చు, మెడ మీద లోహపు గీతలు ఉంటాయి కాబట్టి స్వరం గురి తప్పదు. జేమర్సన్ 1960 ప్రాంతంలో దీనికి మారాడు. మొదటివి రెండు దొంగలు ఎత్తుకుపోయారు. మూడోది 1962 నాటిది. దాన్నే చివరిదాకా వాయించాడు. నాలుగే తీగలు. శ్రుతి కూడా ఫ్యాక్టరీలో పెట్టిన మామూలు శ్రుతే: కింది నుంచి ఈ, ఏ, డీ, జీ. తీగలు లావుపాటివి, నున్నగా చుట్టినవి, లా బెల్లా కంపెనీవి. తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలకు పట్టిన మురికిలోనే నాదం ఉందని ఆయన నమ్మకం. బ్రిడ్జి మూత కింద ఒక స్పాంజి ముక్క ఉండేది. అది తీగ మోత సాగకుండా ఆపి, స్వరాన్ని గుండ్రంగా, పొట్టిగా చేస్తుంది. తీగలు మెడకు ఎంత ఎత్తులో ఉండేవంటే, వేరేవాళ్ళు ఆ గిటార్ అందుకుంటే వేళ్ళు నొప్పి పుట్టి తిరిగి ఇచ్చేసేవారట. కుడిచేతిలో చూపుడు వేలు ఒక్కటే పనిచేసేది. అది చెక్క బేస్ నాటి అలవాటు. ఆ వేలికి స్నేహితులు కొక్కెం అని పేరు పెట్టారు. క్లబ్బుల్లో ఆంపెగ్ బి-15 అనే ఆంప్లిఫయర్, స్టూడియోలో అయితే వైరు నేరుగా మిక్సర్‌లోకి. ఇంతే సామాను.

ఇంత తక్కువ సామానుతో ఆ ధ్వని ఎలా వచ్చింది? బేస్ తీగలు నాలుగింటి మధ్య దూరం ఒక్కటే, అన్నీ మధ్యమం దూరంలో ఉంటాయి. అంటే ఒక చోట నేర్చుకున్న వేళ్ళ అమరిక మెడ మీద ఎక్కడికి జరిపినా అదే రాగం పలుకుతుంది. జేమర్సన్ దీన్ని పూర్తిగా వాడుకున్నాడు. మధ్యలో ఖాళీ తీగను అడుగురాయిలా మీటి, దాని మీదుగా దాటి వెళ్ళేవాడు. ఫ్లాట్ శ్రుతులున్న పాటల్లోనూ శ్రుతి మార్చుకోలేదు.

మన సంఘాల్లో చిక్కు వేరేలా వస్తుంది. కీర్తన ఎత్తుకునే అమ్మ తన గొంతుకు తగ్గట్టు ఎత్తుకుంటుంది. కీబోర్డు తమ్ముడు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి, తెలిసిన మెట్ల మీదే వాయించుకుంటాడు. బేస్‌కు ఆ మీట లేదు. దాంతో బేస్ అబ్బాయి కంగారుపడి తీగలు దింపడం మొదలుపెడతాడు, రెండో చరణానికి ఇంకో పాట ఎత్తుకుంటారు. దారి సులభం. ట్రాన్స్‌పోజ్ ఎంత నొక్కారో కీబోర్డు తమ్ముడిని అడగాలి. అన్ని గీతలు చేయి జరపాలి. ఆ పాటకు ఖాళీ తీగలు మానాలి. పాటలన్నీ అర స్వరం కిందే పాడే సంఘమైతే నాలుగు తీగలనూ అర స్వరం దింపి, సంవత్సరమంతా అలాగే ఉంచుకోవచ్చు. మన దేశంలో వయోలిన్‌కు జరిగింది ఇలాంటిదే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి లాంటి విద్వాంసుల చేతిలో ఆ పడమటి వాద్యం అదే వాద్యంగా ఉండి, గాయకుని శ్రుతికి ఒదిగి స-ప-స-ప అయింది.

అయిదో తీగ సంగతి. దాని అడుగు స్వరం దాదాపు 31 హెర్ట్జ్. నాలుగు తీగల్లో అన్నిటికంటే లావుదాని స్వరం 41. మనం పందిళ్ళలో అద్దెకు తెచ్చే స్పీకర్లు, రేకుల కప్పు కింద పెట్టే చిన్న పెట్టెలు 41నే సరిగా పలకలేవు. 31 దగ్గర వినబడేది స్వరం కాదు, రేకుల అదురు. వాయిదాలు కట్టి ఆ అదురు కొనుక్కోవాలా? ఆ డబ్బులో కొంత పెట్టి ఒక డీఐ బాక్సు కొంటే గిటార్ ధ్వని దూరంగా ఉన్న మిక్సర్ దాకా శుభ్రంగా చేరుతుంది. జనరేటరు మీద నడిచే కూటంలో ప్రెసిషన్ రకం గిటార్‌కు ఇంకో మేలు ఉంది. 1957 నుంచి దాని పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది. కరెంటు గుయ్యిమనే శబ్దాన్ని ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎర్తింగ్ మాత్రం దయచేసి ఎవరైనా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చేతిలో గిటార్ తీగలు, పెదవికి మైకు, కింద తడి నేల, ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

తిరిగి జేమర్సన్ దగ్గరికి వద్దాం. 1964లో వచ్చిన మై గర్ల్ పాట మొదట్లో వినబడేది ఆయన బేసే. సుప్రీమ్స్ బృందం 1966లో పాడిన యూ కాంట్ హర్రీ లవ్ పాటకు ఆధారం దేవుణ్ణి తొందరపెట్టలేమని చెప్పే ఒక సువార్త గీతం. దానిలో బేస్ ఆయనదే. స్టీవీ వండర్, ఫోర్ టాప్స్, టెంప్టేషన్స్, అందరి వెనుకా ఆయన వేలే. అమెరికా అంతా ఆ పాటలకు ఆడింది. కానీ రికార్డు అట్ట మీద గాయకుల ఫోటో ఉండేది, రచయిత పేరు ఉండేది, వాయించినవాళ్ళ పేర్లు ఉండేవి కావు. పదేళ్ళకు పైగా ఇలా నడిచింది. 1971లో మార్విన్ గే తన వాట్స్ గోయింగ్ ఆన్ రికార్డు మీద వాద్యకారుల పేర్లు వేయించాడు, జేమర్సన్ పేరుకు సాటిలేనివాడనే విశేషణం కూడా చేర్చాడు.

ఆ పాట రికార్డు చేసిన రాత్రి కథ చాలామంది మురిపెంగా చెబుతారు. ఏదో క్లబ్బులో వాయిస్తున్న ఆయనను మార్విన్ గే వెతికి పట్టుకొచ్చాడట. స్టూలు మీద కూర్చోలేనంత తాగి ఉన్నాడు కాబట్టి నేల మీద వెల్లకిలా పడుకుని, రాసి ఇచ్చిన స్వరం చూస్తూ వాయించాడట. నాకు ఆ కథ వింటే మురిపెం కలగదు. తాగినా వాయించాడు కదా అని మన కుర్రాళ్ళెవరైనా అనుకుంటే, ఆయన పక్కనే డ్రమ్ములు వాయించిన బెన్నీ బెంజమిన్ 1969లోనే చనిపోయాడని గుర్తుంచుకోవాలి. మత్తు ఆ బృందాన్ని లోపలి నుంచి తిన్నది. పగలు రికార్డింగు, రాత్రి క్లబ్బు, ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు. ఆయన చేతిని అందరూ మెచ్చుకున్నారు. ఆయన ఎలా ఉన్నాడని అడిగినవారు తక్కువ.

1972లో మోటౌన్ కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఏళ్ళ తరబడి వాయించిన బృందానికి ఆ సంగతి స్టూడియో తలుపు మీద అంటించిన కాగితం ద్వారా తెలిసిందని చెబుతారు. గేటుకు తాళం, గోడకు నోటీసు. మన వైపు కార్మిక కుటుంబాలకు ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు. జేమర్సన్ కూడా కుటుంబంతో అక్కడికి వెళ్ళాడు, కానీ కాలం మారింది. కొత్త నిర్మాతలకు గరుకు చుట్టు తీగల మెరుపు శబ్దం, బొటనవేలితో కొట్టే పద్ధతి, అచ్చు తీసినట్టు ఒకే వరుస కావాలి. ఆయన తీగలు మార్చలేదు. పని తగ్గింది, తాగుడు పెరిగింది. తీగలు మార్చకపోవడం నిష్ఠా, మొండితనమా? రెండూ ఉన్నాయనుకుంటాను.

ప్రియ పాఠకులారా, ఇక్కడ మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయం ఒకసారి తీయండి. దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజు వాద్యకారుల పట్టిక అది. మనం చదివేటప్పుడు దాటేసే పేర్లు. కొందరు పై స్థాయిలో వాయించేవారు. మరి కొందరి దగ్గర షెమినీతు అనే హెబ్రీ మాట ఉంది. ఎనిమిదవది అని దాని అర్థం, కింది స్థాయి అని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే ఇంచుమించు మన బేస్ వాద్యకారులు. మత్తిత్యా మొదలు అజజ్యాహు వరకు ఆరుగురి పేర్లు, మధ్యలో ఓబేదెదోము పేరు, వరుసగా రాసి ఉన్నాయి. రాజు నాట్యమాడిన రోజున కింది స్వరం పట్టుకున్నవాళ్ళను కూడా లేఖికుడు మరచిపోలేదు. డెట్రాయిట్‌లో అది జరగలేదు. మన కరపత్రాల్లో జరుగుతోందా? వక్త ఫోటో ఉంటుంది, ఆయన సతీమణి ఫోటో ఉంటుంది, పాటలు పాడే అతిథి ఫోటో ఉంటుంది. నైట్ షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా ఆంప్లిఫయర్ మోసుకొచ్చిన అబ్బాయి పేరు సంఘ కాపరికే సరిగా తెలియని చోట్లు నేను చూశాను. నా పత్రికలోనూ కూటాల వార్తలు అలాగే వేశాను, ఒప్పుకోవాలి.

1983 మార్చిలో పాసడీనాలో మోటౌన్ పాతికేళ్ళ పండుగ జరిగింది. టీవీలో కోట్లమంది చూసిన కార్యక్రమం. జేమర్సన్‌కు పిలుపు లేదు, టికెట్ కొనుక్కుని వెళ్ళి వెనుక వరుసల్లో కూర్చున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. వేదిక మీద వినబడిన పాటల్లో ఎన్నిటికో మొదట బేస్ కట్టినది ఆయనే. కొన్ని నెలలకు, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆ 1962 నాటి గిటార్ కూడా దొంగతనానికి గురైంది. ఆగస్టు 2న, కాలేయం పూర్తిగా చెడి, గుండె, ఊపిరితిత్తులు కూడా తోడై, ఆయన కన్నుమూశాడు. వయసు 47. డెట్రాయిట్‌కు తీసుకెళ్ళి వుడ్‌లాన్ శ్మశానవాటికలో సమాధి చేశారు.

పేరు ఆ తర్వాత వచ్చింది. 1989లో ఆయన జీవితమూ, బేస్ స్వరలిపీ కలిపి ఒక పుస్తకం వచ్చింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వెనుక వాయించేవారికి మొదటిసారి చోటిచ్చినప్పుడు ఆయన ఆ జాబితాలో ఉన్నాడు. 2002లో ఆ బృందం మీద సినిమా తీశారు. ఆయన కుమారుడు కూడా బేస్ వాద్యకారుడే అయ్యాడు.

రుద్రారం తమ్ముడికి ఫోన్ చేసి, గిటార్ అమ్మవద్దన్నాను. నున్నటి తీగల సెట్టు ఒకటి, డీఐ బాక్సు ఒకటి, గిన్నెలు తోమే కొత్త స్పాంజిలోంచి కోసిన ముక్క ఒకటి చాలు. శ్రుతి గురించి కీబోర్డు తమ్ముడితో శనివారం రాత్రే మాట్లాడుకోమన్నాను. తర్వాత ఆ సంఘ కాపరికి కూడా ఫోన్ చేశాను. సెమీ క్రిస్మస్ కరపత్రం ఇంకా ప్రెస్సుకు వెళ్ళలేదట. అడుగున ఒక వరుసకు చోటుందన్నారు. వాయించే నలుగురి పూర్తి పేర్లు కనుక్కుని సాయంత్రానికి పంపిస్తానన్నారు.