ఇమారతు కంటే ముందు ఇంతెజాం
(నవాబ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితం నుండి మన సంస్థలకు ఒక పాఠం)

హైదరాబాదు సంస్థానపు ఏడవ నిజాం నవాబ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి పేరు వినని ఇల్లు మన కంది, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఉండదు. ఆయన గురించి మన పెద్దలు సాధారణంగా చెప్పే మాటలు రెండు. ఒకటి, ఆయన లోకంలోకెల్లా ధనవంతుడు. రెండు, దేశరక్షణకు ఐదు టన్నుల బంగారం దానం చేశాడు. మొదటి మాటకు ఆధారం ఉంది. 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్టమీద వేసి అదే రాసింది. రెండవది మాత్రం సరికాదు. 1965లో ఆయన ప్రభుత్వ బంగారు బాండ్లలో పెట్టినది 425 కిలోలు. అది వడ్డీ వచ్చే పెట్టుబడే గాని విరాళం కాదు. అయితే ఆయన చేసిన మేలు తెలుసుకోవడానికి టన్నుల కథ అక్కరలేదు. ఏటా వెయ్యి రూపాయల కథ చాలు.

ఉస్మాన్ అలీ ఖాన్ గారు 1886 ఏప్రిల్ 6న హైదరాబాదులో జన్మించారు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ గారు 1911 ఆగస్టులో కన్నుమూయగా, పాతికేళ్ళ వయసులో గద్దె ఎక్కారు. ఉర్దూ, ఫార్సీ భాషలలో కవిత్వం చెప్పేవారు. అంత సంపద ఉండి కూడా పాత టోపీ, సాదా షేర్వానీతోనే కాలం గడిపేవారు. తన ఖర్చు దగ్గర అంత గట్టిమనిషి, సంస్థలకు ఇచ్చేటప్పుడు ఎట్లా ఇచ్చారన్నదే మనం గమనించాల్సిన విషయం.

పూనాలో భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ అని ఒకటి కలదు. వందలాది రాతప్రతులను పోల్చి చూసి మహాభారతానికి శుద్ధమైన పాఠాన్ని అచ్చువేసే పనిని ఆ సంస్థ 1919లో మొదలుపెట్టింది. ఒక్క ఏడాదిలో తేలే పని కాదది. పండితులకు జీతాలు కావాలి, అచ్చుకు ఖర్చు కావాలి. వారు నిజాం గారికి అర్జీ పెట్టుకోగా, ఏటా వెయ్యి రూపాయల చొప్పున కొన్నేళ్ళపాటు గ్రాంటు మంజూరైంది. దూరం నుండి వచ్చే పండితులు దిగడానికి అతిథి గృహం కట్టుకొమ్మని వేరే సొమ్ము కూడా ఇచ్చారు. అది నేటికీ నిజాం గెస్ట్ హౌస్ పేరుతోనే ఉంది. 1966లో ఆ గ్రంథం పని ముగిసింది. ఆ మరుసటేడే, 1967 ఫిబ్రవరి 24న, నిజాం గారు కింగ్ కోఠీలో కన్నుమూశారు.

ఉస్మానియా యూనివర్సిటీ సంగతి కూడా ఇంతే. మనవాళ్ళు ఆర్ట్స్ కాలేజీ రాతికట్టడాన్ని చూసి వాహ్ అంటారు. కాని ఆ భవనం తయారైంది 1939లో. తరగతులు మొదలైంది 1919లో. అంతకు ముందే, 1917లో దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ పెట్టారు. ఉర్దూలో లెక్కలు, సైన్సు, చరిత్ర చెప్పాలంటే ముందు పుస్తకాలుండాలి గదా! అందుకని అనువాదకులకు జీతాలిచ్చి, మాటలు కూర్చి, పుస్తకాలు అచ్చువేయించారు. ముందు పని తెలిసిన మనుషులు, తరువాత పుస్తకాలు, ఇరవై ఏళ్ళకు గోడలు. ఇమారతు కంటే ముందు ఇంతెజాం అని నేను అనేది దీన్నే.

శాంతినికేతనంలో ఇస్లామీ విద్యల బోధనకు 1927లో లక్ష రూపాయలిచ్చారు. సంస్థానంలో కొలువు చేస్తున్న మార్మడ్యూక్ పిక్తాల్ గారికి ఖురాన్ ఆంగ్లానువాదం ముగించడానికి పూర్తి జీతంతో రెండేళ్ళ సెలవిచ్చారు. ఆ అనువాదం 1930లో వెలువడింది. మనిషికి తీరిక ఇవ్వడం కూడా ఒక గ్రాంటేనని దీనివల్ల తెలుస్తున్నది.

అయితే ఒక్కవైపే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఈ గ్రాంట్లలో చాలా భాగం సంస్థానపు ఖజానా నుండి వచ్చినవే. మన మెదక్ జిల్లా రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉంది. ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు పై చదువుల్లో బోధనా భాషగా చోటు లేకపోయింది. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పే నాకు తల్లిభాషలో చదువు విలువ తెలుసు గనుకనే ఈ మాట అంటున్నాను. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి తెలుగు గ్రంథాలయాలు దర్బారు సొమ్ము కోసం చూడకుండా, సభ్యుల చందాలతో, దాతల సాయంతో నిలబడ్డాయి. రజాకార్ల రోజులు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, వాటిలో ఇరువైపులా జరిగిన ప్రాణనష్టం మన పెద్దలు మరువలేదు.

రాజ్యం పోయాక ఆయన 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు. 1954లో తన సొంత ఆస్తి నుండి నిజాం చారిటబుల్ ట్రస్టును ఏర్పాటు చేశారు. ఇచ్చేవాడు పోయినా ఇచ్చే ఏర్పాటు పోకూడదన్నది ట్రస్టులోని కిటుకు. పంజాగుట్టలో ఆ ట్రస్టు పెట్టిన ఆర్థోపెడిక్ ఆసుపత్రే పెరిగి పెద్దదై నిమ్స్ అయింది. ఈనాడు మన ఊళ్ళ రోగులు ఎందరో పోయేది అక్కడికే.

ఇక మన సంగతికి వద్దాం. ముంబయి రహదారి పొడుగునా పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకు ఖర్చు పెట్టాలి. ఈ నియమం 2014 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. ఆ సొమ్ము అందుకోవాలంటే సొసైటీకి రిజిస్ట్రేషను, పాన్ కార్డు, 12ఏ, 80జీ కాగితాలు, మూడేళ్ళ పని అనుభవం కావాలి. 2021 నుండి సీఎస్ఆర్-1 నంబరు కూడా ఉండాలి. అంటే లెక్కలు రాసే మనిషి, ఏటేటా ఆడిట్, తీర్మానాల పుస్తకం లేని సంస్థ గడప దాకా వచ్చిన సాయం కూడా తిరిగిపోతుంది. కాగితం సరిగా లేనందున నష్టపోయేది కార్యదర్శి కాదు, ఫీజు కట్టలేక బడి మానే పిల్ల.

ఇచ్చేవారు సామాన్యంగా పుస్తకాలు, బ్యాగులు, కుట్టుమిషన్లు ఇస్తారు. మంచిదే, షుక్రియా చెబుదాం. కాని అడిగే అవకాశం వచ్చినప్పుడు, మూడేళ్ళపాటు ఒక గుమాస్తా జీతం, ఆడిట్ ఫీజు, కుట్టు నేర్పే టీచరుకు శిక్షణ కూడా అడుగుదాం. ఎవరి గ్రాంటూ లేని సంవత్సరంలో దీపం ఆరకుండా సభ్యుల చందా తప్పక కడదాం. మన పెద్దలు సదఖా-ఎ-జారియా అన్నారు. మనిషి పోయాక కూడా పారుతూ ఉండే పుణ్యం అది. పారే నీటికి కాలువ కావాలి. ఆ కాలువ తవ్వడమే సంస్థను బలపరచడం. ఈ సంవత్సరం సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు చందాతో పాటు, లెక్కల పుస్తకం ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు కూడా వెంట తెచ్చుకోవాలని సభ్యులందరికీ నా మనవి.