తెలుగు కూలీని పండితుల ముందు నిలబెట్టిన పాల్ హీబర్ట్

క్రైస్తవ మత పండితులు నేటికీ తర్కించుకునే ప్రశ్న ఒకటుంది. పాపయ్య అనే చదువురాని మనిషి పొద్దంతా పొలంలో ఒళ్ళు వంచి సాయంత్రం ఊళ్ళోకొస్తాడు. ఇంట్లో అన్నం ఇంకా ఉడకలేదు. ఊరి నడుమకు పోతే అక్కడ ఎవరో కొత్త మనిషి ఏసు గురించి చెబుతున్నాడు. పాపయ్య వింటాడు. అదే మొదలు, అదే ఆఖరు. ఆ ఒక్క పూట విని అతను క్రైస్తవుడు కాగలడా, కాలేడా?

1978లో ఈ ప్రశ్న వేసింది పాల్ హీబర్ట్. పాపయ్య కల్పించిన మనిషే. అలాంటి మనుషుల మధ్యే హీబర్ట్ పుట్టారు, 1932లో, నైజాం రాజ్యంలోని శంషాబాదులో. తల్లిదండ్రులు మెన్నొనైట్ మిషనరీలు.

మెన్నొనైట్లు మన విశాఖ వైపు కొత్త పేరే. ఇక్కడికి 1805లో లండన్ మిషన్ వచ్చింది, తర్వాత కెనడా బాప్టిస్టులు వచ్చారు. వీళ్ళ పుట్టుక వేరు. 1525లో జర్మనీ రైతులు ప్రభువుల మీద తిరగబడితే నెత్తుట ముంచి అణిచారు. ఆ ఏడే స్విట్జర్లాండులో, రాజ్యం చెప్పిన మతం మాకొద్దు, పసిబిడ్డలకు బాప్తిస్మం వద్దు అన్నవాళ్ళు లేచారు. వాళ్ళనీ నీళ్ళలో ముంచి, మంటల్లో వేసి చంపారు. 1536లో కాథలిక్ గురువు పని వదిలి వాళ్ళలో చేరిన మెన్నో సైమన్స్ పేరే వాళ్ళకు నిలిచింది. కత్తి పట్టమన్నారు, ఒట్టు వేయమన్నారు. తరిమిన చోటల్లా వదిలి, కొత్త చోట సేద్యం చేసుకు బతికారు. అలా రష్యా చేరినవాళ్ళలో నుంచి ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి నల్లగొండ చేరారు. పదేళ్ళకు అమెరికా వాళ్ళూ వచ్చారు. ఆ సంఘాల్లో చేరింది ఎక్కువగా మాల, మాదిగ పేటల జనం.

హీబర్ట్ అమెరికాలో చదివి, 1960ల మొదట్లో మిషనరీగా పాలమూరు జిల్లాకు తిరిగొచ్చారు. బైబిలుతో పాటు నోటుబుక్కూ పట్టారు. ఊళ్ళో కులాలెట్లా నడుస్తాయి, పెత్తనం ఎవరిది, పంచాయతీ తగాదా ఎట్లా తెంపుతుంది, అన్నీ రాసుకున్నారు. 1971లో అది 'కొండూరు' అనే పుస్తకమైంది.

ఆయన చెప్పిన ఒక సంగతి ఉంది. ఒక ఊళ్ళో మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నపోతును బలివ్వాలని పెద్దలు ఇంటింటికీ చందా ఎత్తారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఒక్క పైసా ఇచ్చినా చాలన్నారు పెద్దలు. అదీ ఇవ్వలేదు. బావి నీళ్ళు బంద్, దుకాణంలో సరుకు బంద్. ఈ శిక్ష మన పేటల్లో ఎవరికి తెలియదు! అంతలో క్రైస్తవుల ఇంటి పిల్లకే మశూచి తగిలింది. సంఘం పెద్ద వచ్చి ప్రార్థించమన్నాడు. హీబర్ట్‌కు ఏం చేయాలో తోచలేదు. వారానికి ఆ పిల్ల చనిపోయింది. తాను ఓడిపోయానని ఆయనే రాసుకున్నారు. సంఘం పెద్ద మాత్రం కుంగలేదు, సమాధి దగ్గర తమ ధైర్యం చూసి ఊరు ఆలోచనలో పడిందన్నాడు.

(మశూచిని ఈ దేశంలో 1975లో ఆపింది బలీ కాదు, ప్రార్థనా కాదు, టీకా. ఆ మాట మనం చెప్పుకోవాలి.)

ఈ అనుభవాల నుంచే 1982లో ఆయన ఒక వాదం తెచ్చారు. తెల్ల మిషనరీకి రెండే అంతస్తులు: పైన దేవుడు, కింద సైన్సు. నడుమ ఉన్న దయ్యం, దిష్టి, శకునం, గ్రామదేవతల భయం అతనికి కనపడవు. అందుకే ఆదివారం గుడికొచ్చినవాడు సోమవారం మంత్రగాడి దగ్గరికి పోతాడు. తప్పు ఆ జనంది కాదు, వాళ్ళ ప్రశ్నకు జవాబివ్వని మిషనరీది అన్నారు.

మరి పాపయ్య? కంచె కట్టి లోపలివాడా బయటివాడా అని చూడొద్దు, ఏ వైపు తిరిగి నడుస్తున్నాడో చూడమన్నారు హీబర్ట్. పల్లె సంఘాలు తమ డబ్బుతో, తమ పెత్తనంతో నడిస్తే చాలదు, తమ బుర్రతో మతాన్ని ఆలోచించుకునే హక్కూ వాళ్ళదేనన్నారు. దొరల మతపెద్దలకు ఇది తేలిగ్గా మింగుడుపడే మాట కాదు.

అయితే పాపయ్య దున్నిన పొలం ఎవరిది, ఆ రోజు కూలి ఎంత అన్నది ఆ ప్రశ్నలో లేదు. హీబర్ట్ కాలిఫోర్నియాలో, తర్వాత షికాగో దగ్గర పాఠాలు చెప్పి, 2007 మార్చిలో అమెరికాలోనే కన్నుమూశారు.